దోశ మాస్టర్ చెయ్యి కాలింది, చందా వేశాం, మరి ఆ తర్వాత?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది విజయవాడ గాంధీనగర్. బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. పొద్దున్నే వాకింగ్ అని ఇంట్లో చెప్పి బయల్దేరి, రెండు వీధులు తిరిగి, ఏడింటికల్లా టిఫిన్ హోటల్లో తేలే బ్యాచ్ మాది, ఐదారుగురం ఉంటాం. ఈ ఉత్తరం ఆ హోటల్ మీద ఫిర్యాదు కాదు, దాని పేరు కూడా రాయను, నేను చెప్పబోయేది ఈ ఊళ్ళో సగం హోటళ్ళకి వర్తిస్తుంది. ఆ మధ్య ఎవరో హోటల్ కుర్రాడికి దాతలు చెక్కు ఇస్తున్న ఫోటో ఒకటి పేపర్లో చూశాను, మంచి పనే అనుకున్నాను, రాత్రి పడుకున్నాక మాత్రం ఆ ఫోటోలో కుర్రాడి మొహమే గుర్తొచ్చింది, అందుకే హోటల్ పనివాళ్ళ కోసం పెట్టే సహాయనిధి ఎలా ఉండాలో నా అనుభవంలోంచి రాస్తున్నా. పొడుగైందనిపిస్తే మీరు కత్తిరించుకోండి, లెక్కలున్న చోట మాత్రం కత్తెర పెట్టకండి, బ్యాంకులో చేసినవాణ్ణి కదా, లెక్క తెగితే నాకు పడదు.

పోయిన ఏడాది శ్రావణంలో మా దోశ మాస్టర్ చెయ్యి కాలింది. శుక్రవారం, గారెల ఆర్డర్లు ఎక్కువున్న రోజు. మూకుడు పొయ్యి మీంచి దించుతుంటే కింద నేల తడిగా ఉండి కాలు జారింది, నూనె మోచేతి దాకా పడింది. మేం బల్ల దగ్గర పెసరట్టు కోసం చూస్తున్నాం, లోపల అరుపు వినపడింది, పరిగెత్తాం, ఎవరో చట్నీ పుయ్యమంటున్నారు ఎవరో టూత్‌పేస్ట్ అంటున్నారు, మా బ్యాచ్‌లో మెడికల్ షాపాయన ఒకడు తిట్టి మరీ కుళాయి కింద పెట్టించాడు, చల్లటి నీళ్ళు ఇరవై నిమిషాలు. ఓనర్ గారు చెడ్డాయనేం కాదు, ఆయనే ఆటో ఎక్కించి నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్ళి మొదటి రోజు బిల్లు కట్టాడు. ఆ రోజు నుంచి మాస్టర్ రోజు కూలీ ఆగిపోయింది, రానివాడికి కూలీ ఎలా ఇస్తాం అంటే అదీ నిజమే.

మేం చందా మొదలుపెట్టాం. రెండు రోజుల్లో 18,400 వచ్చింది. వందలు ఇచ్చినవాళ్ళున్నారు, ఐదొందలు ఇచ్చినవాళ్ళున్నారు, రోజూ రెండు ఇడ్లీ పార్సిల్ పట్టుకెళ్ళే ఒక ముసలావిడ నలిగిపోయిన యాభై రూపాయల కాగితం ఇచ్చి వెళ్ళింది. కవర్లో పెట్టి మాస్టర్ చేతికిచ్చాం, ఆయన ఎడమ చేత్తో తీసుకున్నాడు, కుడి చేతికి కట్టుంది. మాకు ఛాతీ కాస్త పొంగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

మూడో వారానికి అందరం మర్చిపోయాం. కొత్త మాస్టర్ వచ్చాడు, ఆయన అట్టు కొంచెం మందంగా వేస్తాడు, దాని గురించే మా చర్చలన్నీ. నెల దాటాక ఒకరోజు పాత మాస్టర్ అలంకార్ సెంటర్ దగ్గర కనిపించాడు, కనిపించి పక్కకి తప్పుకోబోయాడు. ఏంటి మాస్టరూ అని ఆపితే, డ్రెస్సింగులకే చాలా అయింది బాబాయ్ గారూ, అద్దె రెండు నెలలు పడింది, వంద రోజుల ఫైనాన్స్ ఎత్తాను అన్నాడు. తెలియనివాళ్ళ కోసం చెప్తా, పదివేలు రాయించుకుని చేతికి ఎనిమిదిన్నర ఇస్తారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి, సాయంత్రం అయ్యేసరికి బండేసుకుని కుర్రాడు గుమ్మంలో ఉంటాడు. కాలిన చెయ్యితో ఉన్నవాడు రోజుకి వంద ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇంకో ఫైనాన్స్ ఎత్తి తెస్తాడు.

అప్పుడు నాలో పాత క్లర్కు నిద్ర లేచాడు. మాస్టర్ కూలీ రోజుకి 600, నెలకి 26 రోజులు వేసుకుంటే 15,600. ఈఎస్ఐ, అంటే ఓనరూ పనివాడూ కలిసి కట్టే ప్రభుత్వ బీమా, కట్టి ఉంటే ఓనర్ వాటా 3.25 శాతం, అంటే నెలకి 507 రూపాయలు, మాస్టర్ వాటా 0.75 శాతం, అంటే 117. పనిలో దెబ్బ తగిలితే ఈఎస్ఐ వాళ్ళు వైద్యం ఫ్రీగా చేస్తారు, పని చెయ్యలేని రోజులకి కూలీలో 90 శాతం ఇస్తారు, దీనికి ఇన్నాళ్ళు కట్టి ఉండాలనే రూలు కూడా లేదు, పనిలో చేరిన వారానికి దెబ్బ తగిలినా వస్తుంది. రోజుకి 540 లెక్కన ఆరు వారాలకి సుమారు 22,680. మనం ఊరంతా తిరిగి, ఛాతీ పొంగించుకుని ఇచ్చింది 18,400. ఆయనకి హక్కుగా రావాల్సినదానికంటే తక్కువ ఇచ్చి మనం దాతలమయ్యాం, పైగా ఆయన నాకు దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం తల్చుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఈఎస్ఐ పదిమంది పనిచేసే చోట కట్టాలి. ఆ హోటల్లో మేం లెక్కేస్తే రెండు షిఫ్టులకీ కలిపి పద్నాలుగు మంది ఉన్నారు, రిజిస్టర్లో ఎంతమందో మీరు ఊహించుకోండి, పది కంటే తక్కువే. ఓనర్‌ని అడిగితే ఆయన బాధలు ఆయన చెప్పాడు, అద్దె, సిలిండర్లు, ఆన్‌లైన్ ఆర్డర్ల కమిషన్, మాస్టర్లు మూణ్ణెల్లకోసారి మారిపోవడం, ఎవడి పేరు రాయను ఎవడి పేరు కొట్టెయ్యను అన్నాడు. అందులో కొంత నిజం. పనివాళ్ళని అడిగితే ఇంకో రకం నిజం, మాకెందుకు సార్ కటింగు, ఆ 117 కూడా చేతికిచ్చెయ్యమనండి అన్నారు. చెయ్యి కాలిన మాస్టర్‌తో సహా అందరూ అదే మాట. దాంట్లో తప్పుపట్టడానికేం లేదు, గుణదల ఈఎస్ఐ ఆస్పత్రికి ఒక పూట వెళ్ళి కూర్చుంటే ఒక పూట కూలీ పోతుంది కదా, ఎప్పుడో రాబోయే కష్టం కోసం ఇవాళ్టి కూలీ వదులుకోమంటే ఎవరు వదులుకుంటారు.

అందుకని నేను చెప్పే మొదటి మాట ఇది: హోటల్ పనివాళ్ళ కోసం నిధి పెట్టేవాళ్ళు ఆ నిధిని ఓనర్లు కట్టాల్సినదానికి బదులుగా వాడకండి. మనం ఆస్పత్రి బిల్లులు కడుతూ పోతే ఈఎస్ఐ కట్టనివాడికి మనమే దన్నుగా నిలబడ్డట్టు. నిధిలోంచి మొదటి ఖర్చు ఏదంటే, పనివాడికి తోడుగా వెళ్ళే ఒక మనిషి. ఆధార్ లింకు, బ్యాంకు పాస్‌బుక్, ఫారం, లైను, ఇదంతా చేసి పెట్టే మనిషి. ఆ పూట పోయిన కూలీ నిధి ఇవ్వాలి. నేను ఈ పని ఏడుగురికి చేశాను, అందులో ముగ్గురి ఓనర్లు అడిగితేనే కట్టడం మొదలుపెట్టారు, అడగలేదు కాబట్టి కట్టలేదంతే, ఇద్దరు ఓనర్లు నాతో మాట్లాడ్డం మానేశారు.

ఈఎస్ఐ అందని చోటు చాలా ఉంది, అసలు నిధి కావాల్సింది అక్కడ. నలుగురితో నడిచే మెస్సులు, కర్రీ పాయింట్లు, తోపుడు బండి మీద బజ్జీలు వేసేవాళ్ళు, వీళ్ళకి పదిమంది ఎక్కడుంటారు? రెండోది, మంచి చెయ్యి ఉన్న బిర్యానీ మాస్టర్, చైనీస్ కౌంటర్ మాస్టర్ నెలకి పాతిక ముప్ఫై వేలు తెచ్చుకుంటున్నారు, ఈఎస్ఐ వర్తించే జీతానికి పై గీత 21 వేలు, అది 2017 జనవరిలో గీసింది, అప్పుడు ప్లేటు ఇడ్లీ ఎంతుందో ఇప్పుడెంతుందో మీకు తెలుసు. గీత దాటినవాడు బాగున్నాడని కాదు, ఇంటికి పంపే డబ్బు పోగా వాడి దగ్గర ఏం మిగలదు. మూడోది కేటరింగ్ కుర్రాళ్ళు. పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రీ పగలూ పని, మూఢం వచ్చిందంటే నెలలకి నెలలు ఖాళీ, ఆషాఢం అంతే. శుక్ర మూఢం వస్తే బంగారం షాపులకి వ్యాపారం తగ్గిందని టీవీలో చెప్తారు, వడ్డన కుర్రాడి గురించి ఎవరూ చెప్పరు.

ఇంకో మాట, ఇది చాలామందికి తట్టదు. హోటల్ పనివాడికి జీతంతోపాటు తిండి కూడా హోటలే. హోటల్ మూతపడిందంటే రెండూ ఒకేసారి పోతాయి. 2020లో మార్చి 22 జనతా కర్ఫ్యూ ఆదివారం కదా, సోమవారం తెరుస్తారులే అనుకుని మా వీధిలో హోటల్ కుర్రాళ్ళు రుబ్బిన పిండి ఫ్రిజ్‌లో పెట్టి పడుకున్నారు. కూర్చుని తినొచ్చు అని మళ్ళీ చెప్పింది జూన్ 8కి. శ్రీకాకుళం కుర్రాళ్ళు, ఒడిశా కుర్రాళ్ళు హోటల్ మిద్దె మీద గదుల్లో ఉండిపోయారు, మధురై నుంచి వచ్చిన పరోటా మాస్టర్ ఒకాయన మా అపార్ట్‌మెంట్ ముందు తోటకూర కట్టలు అమ్మాడు, ఆయనకి తెలుగులో తోటకూర అన్న మాట రాదు, చేత్తో చూపించేవాడు. మళ్ళీ 2021 మేలో మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ పెట్టారు, టిఫిన్ హోటళ్ళు సగం పూట నడిచాయి, సగం కూలీ ఇచ్చారు. అప్పుడు మేం ఏం చెయ్యలేదు, భయంతో ఇంట్లో కూర్చున్నాం.

బుడమేరు వాగు పొంగి ఊరి మీదకి వచ్చినప్పుడు మాత్రం కదిలాం. 2024 సెప్టెంబరు 1, అదీ ఆదివారమే. ఒకపక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో మర్నాటికల్లా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు, ఇంకోపక్క బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్, వాంబే కాలనీ, పాయకాపురం మునిగిపోయాయి. గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు, బస్టాండ్ దగ్గర హోటళ్ళలో పనిచేసేవాళ్ళలో ఎంతమంది అటువైపు అద్దెకుంటారో ఆ వారం తెలిసింది, హోటళ్ళు తెరిచారు కానీ అట్టు వేసేవాడు లేడు, బల్ల తుడిచేవాడు లేడు, వాళ్ళంతా మేడల మీద, బ్రిడ్జి మీద ఉన్నారు. ప్రభుత్వం కింద అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు అంది, అది అకౌంట్లలో పడేసరికి సెప్టెంబరు నెలాఖరు. ఆ మధ్య మూడు నాలుగు వారాలు ఎవరు చూస్తారు? అందుకే అన్నా, నిధి అంటే మొదటి వారం చేతికందేది అయ్యుండాలి, లెక్కలు రాసి లిస్టులు వేసి ఇచ్చేది ఎలాగూ ప్రభుత్వం ఇస్తుంది.

అప్పుడు మేం చేసిన తప్పులు రాస్తాను, ఎవరైనా ఈ పని మొదలుపెడితే మళ్ళీ అవే చెయ్యకుండా ఉంటారు.

మొదటిది, లిస్టు. నాలుగు హోటళ్ళ సూపర్‌వైజర్లని అడిగి పేర్లు రాసుకున్నాం, 31 పేర్లు వచ్చాయి, అందులో ఆడవాళ్ళు ఇద్దరు. మా ఆవిడ ఆ కాగితం చూసి, మరి గిన్నెలు తోమేవాళ్ళేరండీ అంది. నిజమే, వెనకవైపు సందులో పెద్ద పెద్ద డేక్సాలు ముందేసుకుని కూర్చునేవాళ్ళు, కూరలు తరిగేవాళ్ళు, వీళ్ళు పూట లెక్కన వస్తారు, వీళ్ళ పేర్లు సూపర్‌వైజర్‌కే తెలియవు, లక్ష్మీ అని ఒకే పేరుతో ముగ్గుర్ని పిలుస్తాడు. రోజంతా సబ్బు నీళ్ళలో చేతులుండి వేళ్ళ సందుల్లో చర్మం ఊడిపోయి పుండ్లు పడి ఉంటాయి వాళ్ళకి, కారం తగిలితే ఏడుపే. వెనక సందులోంచి వెళ్ళి మళ్ళీ లిస్టు రాస్తే ఇంకో పంతొమ్మిది పేర్లు వచ్చాయి. పేర్లు ఎప్పుడూ వెనక సందులోంచి మొదలుపెట్టి రాయాలి.

రెండోది, సరుకులు. దాతలకి కిట్లంటే ఇష్టం, బియ్యం కందిపప్పు నూనె ఒక సంచిలో పెట్టి ఇస్తే కంటికి నిండుగా ఉంటుంది. మేమూ అదే చేశాం. ఒక సప్లయర్ కుర్రాడు మొహమాటంగా అడిగాడు, సార్ హోటల్ తెరిచారు కదా, అన్నం అక్కడ తింటున్నాను, నా భార్యాపిల్లలు మా అత్తగారింట్లో ఉన్నారు, ఈ బియ్యం వండుకోవడానికి నాకు పొయ్యే లేదు, కొట్టుకుపోయింది, పిల్లాడి పుస్తకాలు కొనాలి, డబ్బులిస్తారా అని. ఆ సంచులు కొన్ని కిరాణా కొట్లో సగం రేటుకి తిరిగి అమ్ముకున్నారని తర్వాత తెలిసింది, మా వాళ్ళు కొందరు కోప్పడ్డారు, నాకు కోపం రాలేదు. వాళ్ళకి కావాల్సింది అద్దె, వాళ్ళు దాన్ని అద్దెగా మార్చుకున్నారు.

మూడోది నా ఫోన్. తొందరలో నా సొంత క్యూఆర్ కోడ్ గ్రూపుల్లో పెట్టేశాం. వారంలో డెబ్బై వేల పైన నా అకౌంట్లో పడింది. నా పెన్షనూ ఈ డబ్బూ కలిసిపోయాయి, ఎవరు పంపారో పేర్లు సరిగా పడవు, ఒకాయన నేను రెండువేలు వేశాను రసీదేదీ అన్నాడు, ఇంకొకాయన నా ఎదురుగా ఏం అనలేదు కానీ మా బిల్డింగ్ లిఫ్టులో అన్నాడట. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో రూపాయి తేడా లేకుండా కౌంటర్ టాలీ చేసినవాణ్ణి, ఆ మాట విని రెండు రోజులు టిఫిన్‌కి వెళ్ళలేదు. తప్పు నాదే లెండి. సొసైటీల చట్టం 2001 ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టర్ చేసుకోవచ్చు, దాని పేరు మీద అకౌంటు, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు కదిలేట్టు, నెలకోసారి వచ్చింది పోయింది కాగితం మీద రాసి గోడకి అంటించడం, ఇంత చేస్తే లిఫ్టులో ఎవరూ ఏం అనరు. పెద్ద మొత్తాలు ఇచ్చేవాళ్ళు పన్ను మినహాయింపు అడుగుతారు, దానికి సంఘానికి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే, 80జీ అని పిలిచే గుర్తింపు ఉండాలి, అది ఉన్నా రెండువేలు దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు, ఈ సంగతి ముందే చెప్పాలి.

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు ఐదొందల డాలర్లు పంపుతా మావయ్యా అన్నాడు. చదువుకునే రోజుల్లో వాడూ అక్కడ ఇండియన్ రెస్టారెంట్ వెనకాల గిన్నెలు కడిగాడు, ఆ సంగతి మా చెల్లెలికి ఇప్పటికీ తెలియదు, నాకే చెప్పాడు. కానీ వాడు అక్కడ సిటిజన్‌షిప్ తీసుకున్నాడు, అలాంటివాళ్ళు పంపే డబ్బు చట్టం లెక్కలో విదేశీ విరాళం, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని సంఘం ముట్టుకోకూడదు. ఇండియన్ పాస్‌పోర్టే ఉన్నవాళ్ళు తమ పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ ఇబ్బంది లేదు. ఎన్నారైలు ఉత్సాహంతో ఫోన్లు చేస్తారు, ఈ తేడా అడక్కుండా అకౌంట్ నంబర్ ఇచ్చేస్తే తర్వాత నోటీసులు చదువుకుంటూ కూర్చోవాలి.

ఇక ఫోటో. ఇది అన్నిటికంటే పెద్ద తప్పు, చేసింది మేం కాదు, మాతో వచ్చిన ఒక పెద్దమనిషి. కవర్ ఇస్తుండగా ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు, అది తిరిగి తిరిగి టెక్కలి దగ్గర ఆ కుర్రాడి ఊరికి చేరింది. వాళ్ళమ్మ ఫోన్ చేసి, నీకు అడుక్కునే గతి పట్టిందేంట్రా, ఇంటికొచ్చెయ్ అని ఏడ్చిందట. ఊళ్ళో అందరిచేతా మా వాడు బెజవాడలో పెద్ద హోటల్లో చేస్తున్నాడు అనిపించుకున్నవాడు. ఎడిటర్ గారూ, మొదట చెప్పిన ఆ చెక్కు ఫోటో చూస్తే నాకు నిద్రెందుకు పట్టలేదో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇచ్చినవాళ్ళ ఫోటోలు ఎన్నైనా వేసుకోండి, తీసుకున్నవాళ్ళవి మాత్రం వద్దు.

చందా డబ్బా క్యాష్ కౌంటర్ మీద పెడదాం అని మా బ్యాచ్‌లో ఇద్దరన్నారు, నేను ఒప్పుకోలేదు. డబ్బా కౌంటర్ మీద ఉంటే అది ఓనర్ డబ్బా అవుతుంది. ఎవరికి ఇవ్వాలో ఆయనే చెప్తాడు, నచ్చినవాడికి వస్తుంది, జీతం పెంచమని అడిగినవాడికి రాదు. ఇంకొకరు బిల్లులో రూపాయి కలిపేద్దాం అన్నారు. రోజుకి మూడొందల బిల్లులు కొట్టే హోటల్‌కి నెలకి తొమ్మిది వేలు వస్తుంది కదా అని లెక్క. లెక్క బాగుంది, కానీ కస్టమర్‌ని అడక్కుండా బిల్లులో కలిపితే అది సర్వీస్ చార్జీ తగువులోకి వెళ్తుంది, దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో అదే ఖాయం చేసింది. అయినా ఇష్టం లేనివాడి దగ్గర రూపాయి లాక్కుని దానికి ధర్మం అని పేరు పెట్టడం దేనికి? బల్ల మీద సంఘం క్యూఆర్ కాగితం ఒకటి అంటించండి, వేసేవాడు వేస్తాడు, మా అనుభవంలో టిఫిన్ టైములో కంటే సాయంత్రం టీ తాగేవాళ్ళే ఎక్కువ వేశారు, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియలేదు.

అప్పుగా ఇవ్వాలా ఊరికే ఇవ్వాలా అని మాలో పెద్ద గొడవే జరిగింది. మాతో ఉన్న రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు, ఊరికే ఇస్తే విలువుండదు, వడ్డీ లేని అప్పు ఇద్దాం, డబ్బు తిరుగుతూ ఉంటుంది అన్నారు. కాలిన చెయ్యి మీద ఇంకో కిస్తీ పెడతారా అని నేనన్నా. మాటా మాటా పెరిగి రెండు రోజులు వేరే వేరే బల్లల దగ్గర కూర్చున్నాం. చివరికి తేల్చింది చెయ్యి కాలిన ఆ మాస్టరే, ఒంటికి దెబ్బైతే ఇచ్చెయ్యండి సార్, జూన్లో ఫీజులకైతే అప్పివ్వండి, నెలనెలా కడతాం, మేం చిట్టీలు కట్టట్లేదా ఏంటి అన్నాడు. నిజమే, ఇరవై మంది మాస్టర్లు సప్లయర్లు కలిసి నెలకి వెయ్యి చొప్పున చిట్టీ వేసుకుని, పాట పాడుకుని, ఒక్కడూ ఎగ్గొట్టకుండా నడుపుకుంటున్నారు, కాగితం లేదు సంతకం లేదు. వాళ్ళకి పొదుపు గురించి పాఠాలు చెప్పబోయింది మేం. అందుకే ఇప్పుడు మా కమిటీలో సగం వాళ్ళే, ఒక దోశ మాస్టర్, ఒక సప్లయర్, గిన్నెలు తోమే ఒకావిడ, ఆవిడ మాట్లాడేది తక్కువ కానీ ఎవడు నిజంగా కష్టంలో ఉన్నాడో ఎవడు తాగుడికి అడుగుతున్నాడో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలియదు.

డబ్బు తక్కువున్నా చెయ్యగలిగింది ఒకటి ఉంది, బ్యాంకులో పనిచేశాను కాబట్టి చెప్తున్నా. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ళ దాకా ఎవరైనా చేరొచ్చు, ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్ళకి రెండు లక్షలు. వందమందికి నిధి కడితే ఏడాదికి రెండువేలు, మా బ్యాచ్ కాఫీ ఖర్చు. చెయ్యి కాలితే దీంట్లో రాదు, అది గుర్తుపెట్టుకోవాలి, చావుకీ అంగవైకల్యానికే. అకౌంట్లో మే నెలాఖరుకి ఆ ఇరవై రూపాయలు ఉండాలి, లేకపోతే పాలసీ ఆగిపోతుంది, పనివాళ్ళ అకౌంట్లు చాలావరకు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఎవరో ఒకరు మేలో తిరిగి గుర్తుచెయ్యాలి. ఈ-శ్రమ్ కార్డు, అంటే అసంఘటిత కార్మికుల పేర్లు కేంద్రం నమోదు చేసుకుని ఇచ్చే కార్డు, కూడా చేయించాం, 16 నుంచి 59 ఏళ్ళ వాళ్ళకి, ఈఎస్ఐ పీఎఫ్ లేనివాళ్ళకి. దానితో రేపే డబ్బులొస్తాయని మాత్రం ఎవరికీ చెప్పొద్దు, అలా చెప్పి కొందరు కుర్రాళ్ళు వంద రెండొందలు వసూలు చేస్తున్నారు, రిజిస్ట్రేషన్ ఫ్రీ.

పక్కవాళ్ళని చూస్తే నాకు ఇంకో సందేహం. బిల్డింగ్ పనివాళ్ళకి 1996 చట్టంతో సెస్సు వచ్చింది, కట్టడం ఖర్చులో ఒక శాతం వాళ్ళ బోర్డుకి వెళ్తుంది, వాళ్ళకి చేరుతుందా లేదా అన్నది వేరే కథ, చట్టమైతే ఉంది. ఆర్డర్లు మోసే డెలివరీ కుర్రాళ్ళ కోసం రాజస్థాన్ 2023లో చట్టం చేసింది, తర్వాత కర్ణాటక చేసింది, కేంద్రం సామాజిక భద్రత కోడ్ 2025 నవంబరులో అమల్లోకి తెచ్చి యాప్ కంపెనీలు టర్నోవర్లో ఒకటి రెండు శాతం కట్టాలంది. చాలా మంచిది. ఆ పార్సిల్లో ఉన్న బిర్యానీ దమ్ము పెట్టినవాడికి మాత్రం అలాంటి ఫండు లేదు. బండి మీద వెళ్ళేవాడు మనకి కనపడతాడు, వాన పడితే పాపం తడుస్తున్నాడు అంటాం, లోపల మంట ముందు నిలబడేవాడు కనపడడు. భోజనం చేసి అన్నదాతా సుఖీభవ అంటాం కదా, గోదావరి జిల్లాల్లో డొక్కా సీతమ్మ గారి పేరు చెప్పుకోని ఇల్లుండదు, బళ్ళో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు, హోటల్లో చెయ్యి కడుక్కునేటప్పుడు ఆ మాట ఎవరికి చెప్తున్నామో నాకు ఎప్పుడూ తికమకే, కౌంటర్ దగ్గర కూర్చున్నాయనకా లోపలున్నాయనకా?

మాస్టర్ సంగతి అడుగుతారేమో, చెయ్యి మానింది, చర్మం బిగుసుకుపోయి మణికట్టు పూర్తిగా తిరగదు. పెనం మీద పిండి గుండ్రంగా తిప్పాలంటే మణికట్టే కదా. ఇప్పుడు వేరే హోటల్లో పార్సిల్ కౌంటర్లో చట్నీ ప్యాకెట్లు కడుతున్నాడు, రోజుకి 450. ఫైనాన్స్ మాత్రం తీరింది, మిగిలిన నలభై రోజుల కిస్తీలు మా నిధి కట్టింది, అది సరైన పనో కాదో, ఫైనాన్స్‌వాడి జేబులోకి చందా డబ్బు పోయినట్టే కదా అని హెడ్మాస్టర్ గారు ఇప్పటికీ అంటారు.

మీకు ఒకే ఒక విన్నపం ఎడిటర్ గారూ. గ్యాస్ లీకై హోటల్ కార్మికుడికి గాయాలు, మరుగుతున్న నూనె పడి వంట మాస్టర్‌కి తీవ్ర గాయాలు, ఇలాంటి వార్త జిల్లా పేజీలో వేసేటప్పుడు ఏ ఆస్పత్రిలో చేర్చారో రాస్తారు, ఏ పోలీసులు కేసు రాశారో రాస్తారు. అక్కడే ఇంకో లైను రాయించండి, ఆయనకి ఈఎస్ఐ ఉందా, లేకపోతే ఆ హోటల్లో ఎంతమంది పనిచేస్తున్నారు అని. విలేకరి ఆ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, జవాబు రాకపోయినా రాలేదనే వెయ్యండి.

ఇట్లు,
మీ పాత చందాదారుడు (పేపర్‌కి కూడా చందానే కదా),
గాంధీనగర్, విజయవాడ